హైదరాబాద్‌లో ఒకరి మీద కేసుందా, అరెస్టయ్యారా, ఏ జైల్లో ఉన్నారు: వెతకడం ఎలా

రాత్రి పదకొండు దాటాక నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించే మాట ఒకటే. "అన్నా, మావాణ్ని పోలీసులు తీసుకెళ్లారు, ఏ స్టేషనో తెలియట్లేదు." నేను నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో చాలాకాలం వకీలు గుమాస్తాగా తిరిగినవాణ్ని, అందుకని మా బస్తీలో గానీ బంధువుల్లో గానీ ఎవరికి ఇలాంటి అవసరం వచ్చినా నాకే చేస్తారు. పగలు వచ్చే ఫోన్లు వేరే రకం: పిల్లనిద్దామనుకుంటున్న అబ్బాయి మీద ఏదో కేసుందని ఎవరో అన్నారట, నిజమేనా, పై పోర్షన్ అద్దెకిస్తున్నాం, మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడం ఎలా, తమ్ముడికి ఉద్యోగం వచ్చింది కానీ కంపెనీవాళ్లు పాత కేసేదో ఉందంటున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను. ఈ సమాచారంలో చాలావరకు మన చేతిలో ఫోన్లోనే పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది, ఆ సంగతి తెలియక జనం మధ్యవర్తులకు వేలకు వేలు పోస్తుంటే చూసి ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు ఒక మాట. పేరు కొడితే ఆ మనిషి మీద ఉన్న కేసులన్నీ వరసగా చూపించే పేజీ మన దగ్గర లేదు. పోలీసులకు సీసీటీఎన్‌ఎస్ అని స్టేషన్ల నేర రికార్డుల్ని కలిపే దేశవ్యాప్త వ్యవస్థ ఉంది కానీ అందులో అలా వెతికే వీలు వాళ్లకే. 2018లో మొదలైన లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ కూడా అంతే, దర్యాప్తు చేసేవాళ్లు తప్ప బయటివాళ్లు చూడలేరు. మనకు మిగిలేవి మూడు గుమ్మాలు: స్టేషన్, కోర్టు, జైలు. ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో ముక్క దొరుకుతుంది. ఆ ముక్కల్ని కలిపేది క్రైమ్ నంబర్, అంటే ఎఫ్‌ఐఆర్ నంబరూ సంవత్సరమూ. 212/2025 అన్నట్టు ఉంటుంది. కాబట్టి ఎవరు ఏ కథ చెప్పినా మీరు మొదట అడగాల్సింది "ఏ స్టేషన్, క్రైమ్ నంబర్ ఎంత" అని. మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

ఎఫ్‌ఐఆర్ దగ్గర మొదలుపెట్టండి

2016 సెప్టెంబర్ 7న సుప్రీంకోర్టు యూత్ బార్ అసోసియేషన్ కేసులో ఒక మంచి పని చేసింది. ఎఫ్‌ఐఆర్ కట్టిన 24 గంటల్లోపు పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని చెప్పింది, ఇంటర్నెట్ సరిగా అందని చోట 48 గంటలు, మరీ కష్టమైన ప్రాంతమైతే 72 గంటల దాకా గడువిచ్చింది. మినహాయింపులు కూడా అందులోనే ఉన్నాయి: లైంగిక నేరాలు, పిల్లల మీద జరిగే అలాంటి నేరాల పోక్సో కేసులు, ఉగ్రవాదానికీ తిరుగుబాటుకూ సంబంధించినవి, అలాంటి సున్నితమైనవి పెట్టక్కర్లేదు. అందుకే సైట్‌లో కనిపించనంత మాత్రాన కేసు లేదని అనుకోకూడదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

తెలంగాణ పోలీసు వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఐఆర్ చూసే పేజీ ఉంటుంది. జిల్లా లేదా కమిషనరేట్, స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబర్, సంవత్సరం ఇవ్వాలి. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు, ఎందుకంటే మనం హైదరాబాద్ అనుకునే ఊరు పోలీసుల లెక్కలో ఒక్కటి కాదు. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు సైబరాబాద్ కమిషనరేట్‌లోకి వస్తాయి, అబిడ్స్, చార్మినార్ హైదరాబాద్ కమిషనరేట్ కింద ఉంటాయి, తూర్పు వైపు శివార్లు ఇంకొకదానివి, పైగా ఈ హద్దుల్ని ప్రభుత్వం అప్పుడప్పుడు మారుస్తుంటుంది. స్టేషన్ పేరు లిస్టులో కనిపించకపోతే పక్క కమిషనరేట్ ఎంచుకుని మళ్లీ చూడండి. సైబర్ మోసాలు, మహిళల ఫిర్యాదులు, సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) కేసులు అయితే ఏరియా స్టేషన్‌లో కాకుండా ఆ ప్రత్యేక స్టేషన్ పేరు మీద ఉంటాయి, దాన్నే ఎంచుకోవాలి.

ఎఫ్‌ఐఆర్ దొరికాక చదవడం కూడా తెలియాలి. దానికి గళ్లుంటాయి. రెండో గడిలో సెక్షన్లు, ఆరో గడిలో ఫిర్యాదు ఇచ్చినవాళ్లు, ఏడో గడిలో నిందితులు, పన్నెండో గడిలో అసలు కథ. ఏడో గడిలో "గుర్తు తెలియని వ్యక్తులు" అని ఉంటే తర్వాత దర్యాప్తులో ఎవరి పేరైనా చేరి ఉండొచ్చు, ఉన్న పేరు, దర్యాప్తు ముగిశాక పోలీసులు కోర్టులో వేసే చార్జిషీట్ నాటికి తీసేసి ఉండొచ్చు. సెక్షన్లు కూడా మారతాయి, దానికి స్టేషన్‌వాళ్లు ఆల్టరేషన్ మెమో అని కోర్టులో వేస్తారు. కాబట్టి ఎఫ్‌ఐఆర్ అంటే మొదటి రోజు ఒకరు చెప్పిన మాటను కాగితం మీద పెట్టడం, అంతే. దాన్ని చూసి మనిషిని దొంగ అనేయడం అన్యాయం.

సెక్షన్ల విషయంలో ఇప్పుడు ఇంకో చిక్కు ఉంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. మనం ఇన్నాళ్లూ ఫోర్ ట్వంటీ అన్న మోసం కేసు ఇప్పుడు 318(4). 302 హత్య ఇప్పుడు 103(1). భార్యను భర్త, అత్తింటివాళ్లు వేధించే 498ఏ ఇప్పుడు 85. దొంగతనం 379 ఇప్పుడు 303(2). జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే పడతాయి, అందుకని రెండు రకాల నంబర్లూ ఇంకా చాలా ఏళ్లు కనిపిస్తూనే ఉంటాయి.

ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహితలోనే ఉంది, 173వ సెక్షన్. ఇకపై కొత్త చట్టం అన్నా, ఊరికే సెక్షన్ నంబర్ చెప్పినా ఈ సంహితే. నిందితుడి తరఫువాళ్లు స్టేషన్‌లో అర్జీ పెడితే 24 గంటల్లోపు ఇవ్వాలని పైన చెప్పిన తీర్పులోనే ఉంది. స్టేషన్‌లో ఇవ్వకపోతే మెజిస్ట్రేట్ కోర్టులో వేస్తే రెండు పనిదినాల్లో సర్టిఫైడ్ కాపీ, అంటే కోర్టు ముద్రతో ధ్రువీకరించిన నకలు ఇవ్వాలి. ఇది హక్కు, బతిమాలాల్సిన పని లేదు, ఎవరికీ ఏమీ ఇవ్వాల్సిన పని అంతకన్నా లేదు.

మనిషిని తీసుకెళ్లారు, ఎక్కడున్నాడు?

ఇక రాత్రి ఫోన్ల సంగతి. ముందు టెన్షన్ పక్కన పెట్టి రెండు విషయాలు తేల్చుకోండి: ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, వచ్చినవాళ్లు ఏ స్టేషన్ అన్నారు. టైమ్ ఎందుకంటే, అరెస్టు చేసినవాణ్ని ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు పెట్టి తీరాలి. రాజ్యాంగం 22వ అధికరణం, కొత్త చట్టంలో 58వ సెక్షన్. ఆ గడియారం తిరగడం మొదలైన క్షణాన్ని మీరు కాగితం మీద రాసిపెట్టుకోండి, తర్వాత వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే.

అరెస్టు చేసిన విషయం ఆ మనిషి చెప్పిన బంధువుకో స్నేహితుడికో తెలియజేయాలి, అది 48వ సెక్షన్. అరెస్ట్ మెమో రాసి కుటుంబసభ్యుడితోనో ఆ ప్రాంతంలో పరువున్న మనిషితోనో సాక్షి సంతకం పెట్టించాలి. 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన వాటిలో పోలీస్ కంట్రోల్ రూమ్‌కి 12 గంటల్లోపు సమాచారం వెళ్లాలని కూడా ఉంది. ఇప్పుడు కొత్త చట్టం 37వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది: ప్రతి స్టేషన్‌లో, జిల్లా పోలీసు కార్యాలయంలో ఏఎస్సై స్థాయికి తగ్గని ఒక అధికారి ఉండాలి, అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, నేరం ఏమిటన్నది ఆయన దగ్గర ఉండాలి, అది బోర్డు మీద, డిజిటల్ రూపంలో కూడా అందరికీ కనపడాలి. నేను చూసినంతవరకు కొన్ని చోట్ల ఆ బోర్డు బాగానే ఉంటుంది, కొన్ని చోట్ల పాత తేదీలతో వెలవెలబోతూ ఉంటుంది. అయినా మీరు స్టేషన్‌కెళ్లి "37వ సెక్షన్ కింద అరెస్టు వివరాలు చూసే అధికారి ఎవరండీ" అని మర్యాదగా అడగండి. సెక్షన్ పేరు వినగానే ఎదుటివాళ్ల మాట తీరు మారడం నేను చాలాసార్లు చూశాను.

ఏ స్టేషనో అస్సలు తెలియకపోతే ఇంటి దగ్గర స్టేషన్, పనిచేసే చోటి స్టేషన్, గొడవ జరిగిన చోటి స్టేషన్, ఈ మూడూ ముందు చూసుకోండి. తర్వాత కంట్రోల్ రూమ్‌కి, అంటే 100 లేదా 112కి ఫోన్ చేసి అడగండి. ఇంకో గుర్తు ఉంది, కోర్టులో పెట్టేముందు వైద్య పరీక్ష చేయించాలి కాబట్టి తరచుగా ఉస్మానియాకో గాంధీకో తీసుకెళ్తారు. ఒకసారి మా వీధిలో ఒకావిడ కొడుకు కోసం మూడు స్టేషన్లు తిరిగి ఎక్కడా లేడనిపించుకుని, చివరికి ఆస్పత్రి గేటు దగ్గర ఆటో దిగుతుండగా వాణ్ని చూసింది, చెప్పుల్లేకుండా, కానిస్టేబుల్ పక్కన నడుస్తూ. ఆమె చేతిలో కవర్‌లో వాడి బీపీ మాత్రలున్నాయి, పొద్దుటినుంచీ పట్టుకునే తిరుగుతోంది. ఏ స్టేషన్‌వాళ్లో ఆ కానిస్టేబులే చెప్పాడు.

అన్ని కేసుల్లోనూ అరెస్టు ఉండదని కూడా తెలుసుకోండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో చాలావాటికి ముందు నోటీస్ ఇచ్చి పిలుస్తారు, జనం నోట్లో ఇంకా అది 41ఏ నోటీసే, కొత్త నంబర్ 35(3). బెయిల్ ఇవ్వదగిన నేరమైతే స్టేషన్ బెయిల్ మీద ఇంటికి వచ్చేస్తాడు. అలాంటి మనిషి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఉంటుంది, జైలు రికార్డులో ఉండకపోవచ్చు.

24 గంటలు దాటినా కోర్టులో పెట్టలేదంటే ఆలస్యం చేయకండి, హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్ వేయించాలి. డబ్బులేదని ఆగొద్దు, 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వాళ్లు పలుకుతారు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయసాయం పొందే హక్కు ఉంది. సమాచార హక్కు చట్టంలో కూడా ఒక అరుదైన వెసులుబాటు ఉంది. మామూలుగా జవాబుకు 30 రోజులు, కానీ ఒకరి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన విషయమైతే 48 గంటల్లో చెప్పాలి. అర్జీ పైనే ఆ మాట పెద్దక్షరాలతో రాయండి.

పదిహేడేళ్ల కుర్రాడైతే దారే వేరు. పద్దెనిమిది నిండనివాళ్లను జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెడతారు, జైలుకు పంపరు, వాళ్ల పేరు బయటపెట్టడమే నేరం. తల్లిదండ్రులు నేరుగా బోర్డుకే వెళ్లాలి. మిగతావాళ్లు వెతకనే కూడదు.

జైలు

మెజిస్ట్రేట్ రిమాండ్ చేస్తే, మగవాళ్లయితే మామూలుగా చంచల్‌గూడ సెంట్రల్ జైలు, లేదా చర్లపల్లి. ఆడవాళ్లకు చంచల్‌గూడలోనే ప్రత్యేక మహిళా జైలు ఉంది. ఏ జైలుకో రిమాండ్ ఆర్డర్‌లోనే ఉంటుంది కాబట్టి కోర్టు హాల్లో ఉన్న మీ వకీలుకు అప్పుడే తెలిసిపోతుంది. జైలుకెళ్లాక వాళ్లకు ఒక నంబర్ వస్తుంది, రిమాండ్ ఖైదీకి యూటీ (అండర్ ట్రయల్) నంబర్, శిక్ష పడినవాళ్లకు వేరే నంబర్. ములాఖత్‌కైనా, అంటే లోపలున్న మనిషిని కలవడానికైనా, బట్టలివ్వడానికైనా అదే పట్టుకుని వెళ్లాలి.

పేరుకొట్టి ఎవరు ఏ జైల్లో ఉన్నారో ఎవరైనా చూసుకునే పేజీ ఇక్కడ లేదు. ఉన్నది ఈ-ప్రిజన్స్ పోర్టల్‌లో ఈ-ములాఖత్. అందులో మీ పేరు, చిరునామా, గుర్తింపు కార్డు, తర్వాత రాష్ట్రం, జైలు, ఖైదీ పేరు, తండ్రి పేరు, వయసు నింపి రిక్వెస్ట్ పెడతారు. జైలువాళ్లు ఒప్పుకుంటే ఆ మనిషి అక్కడున్నాడని తేలినట్టే. తండ్రి పేరు జైలు రిజిస్టర్‌లో ఎలా రాశారో అలాగే ఉంటేనే పని సులువవుతుంది, అందుకని రిమాండ్ రిపోర్టులో ఉన్న స్పెల్లింగే వాడండి. ఇంకా తేలకపోతే జైలు గేటు దగ్గర ములాఖత్ కౌంటర్‌లో ఆధార్ చూపించి క్రైమ్ నంబర్ చెప్పి అడగడమే. పొద్దున్నే వెళ్లండి. ఊళ్ల నుంచి వచ్చే ముసలి తల్లులు మధ్యాహ్నం చేరుకుని, టైమ్ అయిపోయిందని తెలిసి ఆ గోడ నీడన కూర్చుండిపోవడం చూడలేం.

రిమాండ్‌లో ఎంతకాలం ఉన్నాడో కూడా లెక్కపెట్టుకోవాలి. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీట్ వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, అడగాలి అంతే. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండ్‌లోనే గడిపేస్తే 479వ సెక్షన్ కింద విడుదలకు అర్హుడు, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ ఒకటికంటే ఎక్కువ కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదు. ఇవి తెలియక లోపలే ఉండిపోయేవాళ్లున్నారు.

కోర్టు రికార్డు, అసలు నిజం అక్కడే

పెళ్లి సంబంధమైనా ఉద్యోగమైనా, మీరు ఇక్కడిదాకా వచ్చి చూడకపోతే సగమే చూసినట్టు. ఈకోర్ట్స్ సర్వీసెస్ అని ప్రభుత్వ యాప్ ఉంది, వెబ్‌సైట్ కూడా ఉంది, రెండూ ఉచితం. అందులో పార్టీ పేరుతో, ఎఫ్‌ఐఆర్ నంబర్‌తో, కేసు నంబర్‌తో, వకీలు పేరుతో, సీఎన్‌ఆర్ నంబర్‌తో వెతకొచ్చు. సీఎన్‌ఆర్ అంటే పదహారు అక్షరాల నంబర్, దేశంలో ఒక్కో కేసుకూ విడిగా ఒక్కోటి ఉంటుంది, చివరి నాలుగంకెలు సంవత్సరం. అది దొరికితే ఇంకేమీ అక్కర్లేదు, ముందు దాన్ని రాసి పెట్టుకోండి.

ఎఫ్‌ఐఆర్ నంబర్‌తో వెతకడం అన్నిటికన్నా గట్టి పద్ధతి. రాష్ట్రం, జిల్లా, కోర్టుల సముదాయం ఎంచుకుని, స్టేషన్ పేరు, నంబర్, సంవత్సరం ఇస్తే ఆ క్రైమ్ నంబర్‌లోంచి పుట్టిన కేసులన్నీ వస్తాయి. పోలీసు హద్దుకీ కోర్టు హద్దుకీ పొంతన ఉండదన్నది ఇక్కడా గుర్తుంచుకోండి. సైబరాబాద్ స్టేషన్ కేసు రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో ఉండొచ్చు, మేడ్చల్-మల్కాజిగిరిలో ఉండొచ్చు. నాంపల్లిలో దొరకలేదని కేసు లేదనుకోకండి.

పేరుతో వెతికేటప్పుడు ఓపిక కావాలి, ఎందుకంటే మన పేర్లను ఇంగ్లిష్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. లక్ష్మి మధ్యలో ఒకరు 'కె, ఎస్, హెచ్' పెడతారు, ఇంకొకరు ఒక్క 'ఎక్స్'తో సరిపెడతారు. శ్రీనివాస్ మొదట్లో 'ఎస్ హెచ్' ఉండొచ్చు, ఒట్టి 'ఎస్' ఉండొచ్చు, చివర 'యు', 'లు' తగలొచ్చు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరంగా. అలియాస్ పేరే అసలు పేరుగా ఎక్కిన కేసులున్నాయి. అందుకని పేరు మొత్తం కొట్టకుండా మధ్యలో మారని నాలుగైదు అక్షరాలు ఇవ్వండి, ఏడాది ఏడాదికీ విడిగా వెతకండి, పెండింగ్ ఒక్కటే కాకుండా డిస్పోజ్డ్, అంటే ముగిసిపోయినవి కూడా చూడండి. ఫలితాల్లో ప్రభుత్వం పేరే ముందుంటుంది, నిందితుడి పేరు రెండోవైపు. ఒకే కేసులో పదిమందుంటే పైన ఏ1, అంటే మొదటి నిందితుడి పేరే కనపడి మిగతావాళ్లు లోపల ఉంటారు, తెరిచి చూడాలి.

కేసు ముందున్న అక్షరాలు చాలా చెబుతాయి. సీసీ అంటే క్యాలెండర్ కేసు, మెజిస్ట్రేట్ దగ్గర నడిచేది. ఎస్‌సీ అంటే సెషన్స్ కేసు, పెద్ద నేరం. పీఆర్‌సీ అంటే సెషన్స్‌కు పంపడానికి ముందు మెజిస్ట్రేట్ దగ్గరున్న దశ. ఎస్‌టీసీ అంటే చిన్నవి, డ్రంకెన్ డ్రైవ్ లాంటివి జరిమానాతో పోయేవి. క్రిమినల్ ఎంపీ అంటే మిసలేనియస్ పిటిషన్, చాలాసార్లు అది బెయిల్ పిటిషనే, అది విడిగా కనిపిస్తే ఇంకో కేసు అనుకుని లెక్కలో కలపకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన గీత: కేసు ఎలా ముగిసింది. "అక్విటెడ్" అంటే నిర్దోషి. "కన్విక్టెడ్" అంటే శిక్ష పడింది. "కాంపౌండెడ్" అంటే ఇరుపక్షాలూ రాజీపడ్డాయి, లోక్ అదాలత్‌లో ఇలాంటివి చాలా. సెక్షన్ నంబర్ మాత్రమే రాసి ఉంటే, పాత చట్టంలో 235(1), 248(1), 255(1) నిర్దోషి అని తేలినవి, (2) ఉంటే దోషి అని. కొత్త చట్టంలో అవే వరసగా 258, 271, 278. హైకోర్టు కేసే కొట్టేసి ఉంటే పాత నంబర్ 482, కొత్తది 528, దానికోసం తెలంగాణ హైకోర్టు సైట్‌లో విడిగా చూడాలి. కేసు పెండింగ్ ఉండి "ఎన్‌బీడబ్ల్యూ" అని కనిపిస్తే నాన్ బెయిలబుల్ వారెంట్, అంటే మనిషి వాయిదాలకు రావట్లేదు. సంబంధం చూసేవాళ్లు ఇది గమనించుకోవాలి, ఎందుకంటే కేసు ఉండటం వేరు, కోర్టుకు మొహం చాటేయడం వేరు.

మా చెల్లెలి కొడుకు స్నేహితుడొకడు, ఉప్పల్‌లో ఉంటాడు, కంపెనీలో చేరిన పదో రోజున పిలిచి "నీ మీద దొంగతనం కేసుంది" అన్నారు. ఎవరో ఏజెన్సీవాళ్లు పేరుతో వెతికి ఇచ్చిన రిపోర్టు. కుర్రాడు ఏడుస్తూ నా దగ్గరికొచ్చాడు. ఆ రిపోర్టులో కేసు నంబర్ ఉంది, ఈకోర్ట్స్‌లో తెరిచి చూస్తే పేరు అక్షరం పొల్లుపోకుండా వీడిదే. కానీ పేరొక్కటే చూసి ఊరుకోలేం కదా, చార్జిషీటు, తీర్పు కాపీ కోసం కోర్టులో అర్జీ పెట్టాం. వారం పైనే పట్టింది. వచ్చిన తీర్పు మొదటి పేజీలో నిందితుడి తండ్రి పేరు వేరు, వయసు అప్పటికే 41, ఊరు వేరే జిల్లా. వీడు ఆ నేరం జరిగిన నాటికి ఆరో తరగతి. ఆ కాగితం వెనకాల ఊదారంగు ముద్రలో అర్జీ పెట్టిన తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ, అయిదూ చేత్తో రాసి ఉన్నాయి. వీడు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని కంపెనీకి వెళ్లాడు, ఉద్యోగం నిలబడింది. అందుకే మళ్లీ మళ్లీ చెబుతున్నాను, పేరు కలిస్తే మనిషి కలిసినట్టు కాదు. తండ్రి పేరు, వయసు, చిరునామా, ఈ మూడూ కలిసేదాకా ఎవరి గురించీ నోరు విప్పకండి.

తీర్పులు చాలావరకు ఈకోర్ట్స్‌లోనే పీడీఎఫ్‌గా దొరుకుతాయి. లేకపోతే ఆ కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో కాపీ అప్లికేషన్ వేయాలి. కేసులో పార్టీ కాకపోయినా వేయొచ్చు, కాకపోతే ఎందుకు కావాలో కారణం రాసి అఫిడవిట్ జతచేయాలి, ఇవ్వాలా వద్దా అన్నది జడ్జిగారి ఇష్టం. చార్జిషీట్ మాత్రం వెబ్‌సైట్‌లో దొరకదు, అన్ని చార్జిషీట్లూ ఆన్‌లైన్‌లో పెట్టమని అడిగితే 2023 జనవరిలో సుప్రీంకోర్టు కుదరదంది. లైంగిక నేరాల్లో బాధితుల పేర్లు దాచి ఉంటాయి, మీకు ఎలాగోలా తెలిసినా ఎక్కడా రాయకండి, అది శిక్షపడే నేరం.

మిగతా దారులు

నాయకుల విషయానికొస్తే వెతుకులాట చాలా తేలిక. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థీ తన కేసుల వివరాలు ఫారం 26 అఫిడవిట్‌లో ప్రమాణం చేసి ఇవ్వాలి, ఎన్నికల సంఘం సైట్‌లో అది ఎవరైనా చూడొచ్చు. మీ ఎమ్మెల్యే, ఎంపీ మీద ఏ స్టేషన్‌లో ఏ క్రైమ్ నంబరో అందులోనే రాసి ఉంటుంది, దాన్ని తీసుకెళ్లి ఈకోర్ట్స్‌లో పెట్టి చూడండి. ఓటేసే ముందు ఒక్క పది నిమిషాల పని.

అద్దెకుండేవాళ్ల గురించో పనిమనుషుల గురించో అయితే దొంగచాటుగా వెతకడం కన్నా, మీ గురించి పోలీస్ వెరిఫికేషన్ చేయిస్తాం అని ముందే చెప్పి స్టేషన్ ద్వారా చేయించుకోవడం మర్యాద. మీ గురించి మీకే కావాలంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఉంది, విదేశాలకు వెళ్లేవాళ్లకు పాస్‌పోర్ట్ సేవా ద్వారా వస్తుంది, ఫీజు 500 రూపాయలు.

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడైనా విశాఖైనా పద్ధతి ఇదే, ఈకోర్ట్స్‌లో రాష్ట్రం మార్చుకోవాలి, ఎఫ్‌ఐఆర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు సైట్‌లో చూడాలి. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులు రెండయ్యాయి కాబట్టి అంతకుముందున్న పిటిషన్లను ఏ జిల్లాదైతే ఆ రాష్ట్రపు హైకోర్టు దగ్గర వెతకండి.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు కూడా నన్ను అడుగుతుంటారు. అక్కడ లెక్క పూర్తిగా తిరగబడి ఉంటుంది: చాలా కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటివాటిలో, అక్కడి పోలీసు అధికారి అయిన షెరిఫ్ సైట్‌లో పేరుకొడితే జైల్లో ఎవరున్నారో, ఏ ఆరోపణో, బెయిల్ మొత్తమెంతో ఎవరికైనా కనిపిస్తుంది. కాబట్టి ముందు పిల్లవాడు ఏ కౌంటీలో ఉన్నాడో తెలుసుకోండి, ఊరు పేరు చాలదు. ఫెడరల్ జైలైతే బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ వాళ్ల ఇన్‌మేట్ లొకేటర్, 1982 నుంచి ఉన్నవాళ్లు అందులో దొరుకుతారు. వీసా గొడవలో పట్టుకుంటే అక్కడి వలస చట్టాలు చూసే ఐసీఈ వాళ్ల డిటైనీ లొకేటర్ వేరే ఉంది, ఏ-నంబరూ (వలస శాఖ విదేశీయులకిచ్చే నంబర్) పుట్టిన దేశమూ ఇవ్వాలి, ఏ-నంబర్ తెలియకపోతే పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు అచ్చంగా అలాగే. 2019 జనవరిలో అమెరికా అధికారులు ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీ పేరుతో వలపన్ని 129 మంది భారతీయ విద్యార్థుల్ని పట్టుకున్నప్పుడు, వాళ్లలో మనవాళ్లే ఎక్కువ, ఇక్కడి ఇళ్లల్లో పిల్లవాడు ఏ రాష్ట్రంలో ఉన్నాడో కూడా తెలియక తల్లడిల్లారు. పిల్లలు వెళ్లేటప్పుడే పాస్‌పోర్ట్ కాపీ, వీసా కాపీ, ఉండే కౌంటీ పేరు ఇంట్లో రాసి పెట్టుకోవాలి. పరాయి దేశంలో అరెస్టయితే మన కాన్సులేట్‌కు చెప్పమని అడిగే హక్కు వాళ్లకుంది, ఆ మాట ముందే చెప్పి పంపండి.

చివరగా, నిర్దోషిగా తేలినా ఇంటర్నెట్‌లో పేరు కొడితే ఇంకా ఆ కేసే వస్తోందని బాధపడేవాళ్లకు. ఈకోర్ట్స్‌లో ఫలితం తప్పుగా ఎక్కి ఉంటే సర్టిఫైడ్ కాపీ జతచేసి ఆ కోర్టుకే అర్జీ పెట్టండి, సరిచేస్తారు. సెర్చ్‌లో తీర్పు కనిపించకుండా చేయమని హైకోర్టుకు వెళ్లొచ్చు, 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా బయటపడిన ఒకరి విషయంలో అలా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అదయ్యేలోగా తీర్పు సర్టిఫైడ్ కాపీ రెండు తీసుకుని ఒకటి ఇంట్లో పెట్టండి, ఇంకొకటి స్కాన్ చేసి మీ మెయిల్‌లో ఉంచండి. కాపీ అప్లికేషన్ నంబర్ కూడా దాచండి, మళ్లీ కావాలన్నప్పుడు వెతుకులాట తగ్గుతుంది.